ఇటలీకి తయారైన కోదండపాణి

పులివెందులకు రెండు మైళ్ళ దూరంలో రాతినార, అదే ఆస్బెస్టాస్, తీసే గని ఒకటి ఉండేది. ఆ గని ఆఫీసులో కోదండపాణి టైపిస్టు. వాళ్ళది జమ్మలమడుగు, తాతల నాటి నుంచీ గుడి అర్చకత్వం. అన్న హారతి పళ్ళెం పట్టుకున్నాడు, తమ్ముడు టైపు మిషను పట్టుకున్నాడు. కోదండపాణి కొట్టిన కాగితంలో తప్పు వెతికి పట్టుకున్నవాడు లేడని కడప దాకా పేరు. ఆ పేరే ఒకనాడు తన కొంప ముంచుతుందని అతనికేం తెలుసు?

ఆంధ్ర రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అయిన ఏడు, రాయి నుంచి నారను వేరుచేసే కొత్త మిషను బిగించడానికి ఇటలీ దేశం నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. పేరు బర్తోలి. గనిలో జనానికి ఆ పేరు నోరు తిరగక 'బత్తుల దొర' అన్నారు. ఆయనకు ఇంగ్లీషు అంతంత మాత్రం, తెలుగు అసలే లేదు. మిషను తిప్పిన మొదటి రోజు నార బుసబుసా వచ్చి పడుతోంది. కూలీలు సంచులు పడుతున్నారు. దొర చేతులూపుతూ "బస్తా! బస్తా!" అని అరిచాడు. కూలీలు పరుగున పోయి ఇంకో పది బస్తాలు తెచ్చారు. ఆయన ఎర్రబడిపోయి మరింత గట్టిగా "బస్తా!" అన్నాడు. వీళ్ళు గోడౌను ఊడ్చి ఉన్న బస్తాలన్నీ తెచ్చి కాళ్ళ దగ్గర కుప్పేశారు. దొర నెత్తిన చేతులు పెట్టుకుని ఆ బస్తాల మీదే కూలబడ్డాడు.

కోదండపాణి దగ్గరికి పోయి ఇంగ్లీషులో మెల్లగా అడిగితే తేలిందేమంటే, వాళ్ళ భాషలో బస్తా అంటే 'ఇక చాలు' అని. మిషను ఆపించాడు. ఆ సాయంత్రమే మద్రాసుకు మనియార్డరు కట్టి, ఇటలీ భాష సొంతంగా నేర్చుకునే పుస్తకం తెప్పించుకున్నాడు. చిత్రమేమంటే దొర బంగళాలో వంటమనిషి ఖలందర్‌కు ఆ మాట ముందే తెలుసు. యుద్ధం రోజుల్లో బెంగుళూరు దగ్గర ఇటలీ ఖైదీల క్యాంపులో నాలుగేండ్లు వంట చేసినవాడు.

"మరి చెప్పలేదేమప్పా?" అన్నాడు కోదండపాణి.

"ఎవురూ అడగలేదు సామీ" అన్నాడు ఖలందర్.

ఆ మరుసటి ఏడు, మిషను తయారుచేసిన టురిన్ ఊరి కంపెనీ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఇండియా నుంచి వచ్చే ఉత్తరాలు చూసి జవాబులు రాయడానికి అక్కడి ఆఫీసులో ఒక మనిషి కావాలట. రెండేండ్ల పని. పోవడం, రావడం కంపెనీ చూసుకుంటుంది. బర్తోలి ఆ ఉత్తరం కోదండపాణి బల్ల మీద పెట్టి, "నువ్వు" అన్నాడు. కోదండపాణి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. వెంటనే దొర వేలెత్తి ఇంకో మాట అన్నాడు: "అక్కడ ఏం తింటావు?"

సంగతేమంటే, అంతకు ముందు కలకత్తా నుంచి ఒకాయన ఆ పని మీదే పోయి, తిండి పడక మూడో వారానికే ఓడెక్కి వెనక్కి వచ్చేశాడు. కంపెనీవాళ్ళకు ఆ భయం పోలేదు. భాష వచ్చునా, లెక్కలు వచ్చునా అని వాళ్ళు అడగలేదు. పెద్ద దొర ఒకరు వచ్చే వేసవిలో ఇండియా వస్తాడు, ఆయన ముందు కూర్చుని భోంచేసి చూపించాలి. అదీ పరీక్ష.

కోదండపాణి తయారు కావడం మొదలుపెట్టాడు. పాస్‌పోర్టుకు దరఖాస్తు పంపాడు. జమ్మలమడుగు ఆసుపత్రిలో టీకాలు పొడిపించుకున్నాడు. పొద్దున్నే సంధ్యావందనం అయ్యాక పుస్తకం తెరిచి వాళ్ళ నమస్కారం 'బువోన్ గియోర్నో' అని ఇరవై మాట్లు గట్టిగా చదివేవాడు. పక్కింటివాళ్ళు అదేదో కొత్త మంత్రం అనుకున్నారు. అది 'బువోన్ జోర్నో' అని పలకాలని పుస్తకంలో లేదు. ఉన్నా అతను ఆ పేజీ దాటేసి ఉంటాడు.

ఇక తిండి. ఒక శనివారం మధ్యాహ్నం బంగళా వంటింటి గుమ్మంలో చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"రా సామీ" అన్నాడు ఖలందర్. "దొర చెప్పినాడు, నీకు తిండి నేర్పీమని. నలభై ఏండ్ల మనిషికి తినేది నేర్పడం నాకు ఇదే మొదలు."

"ముప్పై ఆరే."

"సరే, ముప్పై ఆరు."

ఖలందర్ ముందు గోధుమపిండి ముద్ద ఉంది. చిన్న ఉండ తీసుకుని, విరిగిన గొడుగు కమ్మి మీద పెట్టి అరచేత్తో ఒక్క దొర్లింపు దొర్లిస్తే అది కమ్మికి చుట్టుకుంది. కమ్మి లాగేస్తే లోపల బోలుగా, వేలంత పొడవు గొట్టం. క్యాంపులో నేపిల్సు ఊరి ఖైదీ ఒకడు నేర్పిన పని అది. వాడికీ ఇనుప కమ్మి దొరకకే గొడుగు విరిచాడట.

"గుడ్డు వేస్తారా ఇందులో?"

"దొరకైతే ఏస్తా. నీకు నీళ్ళే."

"గిన్నె..."

"కొత్త సత్తు గిన్నె సామీ. నిన్ననే బజార్లో తెచ్చినా. నీది నీదే, పక్కన పెట్టినా."

"ఆ ఆకేంది? తులసి మాదిరి ఉండాది. తులసిని కూరలో వేస్తారా?"

"తులసి కాదు, రుద్రజడ. దానికి చెల్లెలు అనుకో."

కోదండపాణికి కొంచెం ధైర్యం వచ్చింది. గోధుమలు, టమేటాలు, ఆకు. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. నూనె మాత్రం ఇటలీ నుంచి డబ్బాలో వచ్చింది. మన ఊళ్ళలో మందుల షాపులో చిన్న సీసాలలో అమ్మే ఆలివ్ నూనె. చంటిబిడ్డలకు ఒళ్ళు రుద్దే నూనెలో వంటేమిటని అనుకుంటూనే, "తెల్లగడ్డ మాత్రం వెయ్యవద్దు" అన్నాడు.

ఖలందర్ చేతిలో గరిటె ఆగిపోయింది. "తెల్లగడ్డ లేకుండా ఇటలీ లేదు సామీ."

కోదండపాణి చాలాసేపు ఆలోచించాడు. చివరికి అతనికి వాళ్ళ తాత గుర్తొచ్చాడు. ఆయన కడుపు ఉబ్బరానికి వైద్యుడు చెప్పాడని తెల్లగడ్డ పాలలో ఉడికించుకుని తాగేవాడు. మందుగా తీసుకుంటే దోషం లేదు. "మందు మాదిరి వెయ్యి, కొంచెం" అన్నాడు. ఖలందర్ ఆరు రెబ్బలు దంచి వేశాడు.

బల్ల మీద పింగాణీ పళ్ళెం పెడితే, కోదండపాణి అరచేతిలో నీళ్ళు పోసుకుని, పళ్ళెం చుట్టూ తిప్పి, కళ్ళు మూసుకుని మందు మింగినట్టు మొదటి ముద్ద మింగాడు. రెండో ముద్దకు కళ్ళు తెరిచాడు. టమేటా రసం ఇగిరి ఇగిరి చిక్కగా, పుల్లగా, చివర్న ఏదో తీపి తగులుతోంది. నూనెలో ఎర్రగా వేగిన తెల్లగడ్డ ఘాటు ముక్కులోకి పోకుండా గొంతులోనే ఆగి వెచ్చగా కూచుంది. గొట్టాల లోపల కూడా రసం దూరి, కొరికినప్పుడల్లా చిన్నగా చిమ్ముతోంది. ఆ పైన ఖలందర్ దొరలు చీజు అనే గట్టి జున్ను గడ్డ ఒకటి తెచ్చి కోరాము మీద కోరి చల్లాడు. ఉతకని సాక్సుల వాసన కొట్టింది. మింగాక ఆ వాసనే నాలుక వెనక నుంచి కమ్మగా తిరిగొచ్చింది.

"మాంజా సామీ, మాంజా" అన్నాడు ఖలందర్. తిను అని.

"ఇంకా ఉందా?" అన్నాడు కోదండపాణి.

అప్పటి నుంచి ప్రతి శనివారం. శనివారాలు ఒంటిపూట ఉండే మనిషి, ఆ ఒక్క పూటా బంగళాలో కానిచ్చేవాడు. నెల తిరిగేసరికి సత్తు గిన్నె ఏదో, దొర గిన్నె ఏదో అడగడం మానేశాడు. మందు మోతాదు మాత్రం పెరుగుతూ పోయింది. ముద్ద నోట్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తే, ఆ మొరం దిబ్బలు, ఎండలో తెల్లగా లేచే రాతినార దుమ్మూ కనిపించేవి కావు. ఉద్యోగం కోసం తింటున్నాడో, తినడం కోసం ఉద్యోగం కావాలనుకుంటున్నాడో అతనికే తెలియకుండా పోయింది.

అతని భార్య సుశీలకు తెలియడానికి ఎన్నాళ్ళో పట్టలేదు. నోటి వాసనే చెప్పింది. ఆమె కేకలేస్తుందని కోదండపాణి తలొంచుకుని కూచున్నాడు. సుశీల కోపం వేరే దిక్కున ఉంది.

"ఆడికి పోయి రెండేండ్లు ఒక్కరే ఉంటారు. సరే, ఉద్యోగం. ఈడుండంగానే నాకు తెలీకుండా తినేదేంది? ఏం తింటాండారో నేను చూడొద్దా?"

"నువ్వు తెల్లగడ్డ..."

"మీరు తింటే మందు, నేను తింటే పాపమా?"

ఆ శనివారం ఇద్దరూ పోయారు. సుశీల వంటింట్లో ఖలందర్ భార్య మైమూన్ పక్కన పీట వేసుకుని కూచుంది. గొడుగు కమ్మి మీద పిండి దొర్లించడం మైమూన్‌కు కూడా వచ్చు. సుశీల మొదటి పది గొట్టాలు చితికాయి, పదకొండోది నిలిచింది. పళ్ళెం ఖాళీ చేసి, "ఉప్పు కొంచెం పట్టాల" అంది. కోదండపాణికి ప్రాణం లేచొచ్చింది.

పరీక్షకు నెల ముందు కోటు కోసం ప్రొద్దుటూరు పోయారు. సుశీల పుట్టిల్లు అక్కడే, తల్లి కమలాంబ ఒక్కతే ఉంటుంది. టైలరు లాల్ బాషా పెళ్ళి కోట్లు ఎన్నో కుట్టినవాడే గానీ, లోపల అస్తరు వేసి మంచుదేశానికి పనికొచ్చే ఉన్ని సూటు కుట్టడం అదే మొదలు. అందుకని రెండు అస్తర్లు వేశాడు. ఏప్రిల్ ఎండలో దాన్ని వేసుకుని కోదండపాణి అత్తగారింటి ముందు దిగేసరికి, కమలాంబ వాకిట్లోకొచ్చి ఎగాదిగా చూసింది.

"ఏంది నాయనా, కంబళి కప్పుకున్నావు? జ్వరమా?"

మధ్యాహ్నం సుశీల పెరట్లో వేరే పొయ్యి రాజేసి గొట్టాలు వండింది. కమలాంబ మడిబట్టతో దూరం నుంచే మెడ సాచి చూసింది.

"ఇవి శావిగలే గదే. పాయసం చేసేదానికి పాలూ బెల్లమూ లేక పులుసు పోసుకుంటారా? బీదోళ్ళేమో పాపం. వీళ్ళ దగ్గరికా ఈయప్ప సంపాదనకు పోయేది?"

ఆ వారమే తల్లీకూతుళ్ళిద్దరూ గండికి పోయి ఆంజనేయస్వామికి మొక్కుకున్నారు. భర్త క్షేమంగా ఇటలీ చేరాలని సుశీల, అల్లుడు ఊరు దాటకూడదని కమలాంబ. ఎవరి మొక్కు వాళ్ళు మనసులోనే అనుకున్నారు గనక గుళ్ళో గొడవేం కాలేదు.

పెద్ద దొర మే నెలలో వచ్చాడు. తెల్లని మీసాలు, బక్కపలచని మనిషి. బంగళాలో బల్ల వేశారు. కోదండపాణి సూటు తొడుక్కుని, టై బిగించుకుని, చెమటలు మెడ వెంట కారుతుంటే నిలబడి, రాత్రంతా బట్టీ పట్టిన స్వాగతం అప్పజెప్పాడు. పెద్ద దొర శ్రద్ధగా విని, బర్తోలి వైపు తిరిగి ఏదో అడిగాడు. ఆ అడిగింది, 'ఈయన మాట్లాడుతున్నది తెలుగేనా' అని. నీళ్ళ గ్లాసులు పెడుతున్న ఖలందర్ నవ్వు ఆపుకుని, "మా సామి మిమ్మల్ని బాగుండారా అంటాండాడు" అన్న అర్థం వచ్చేలా పెద్ద దొరకు వాళ్ళ భాషలో గబగబా చెప్పేశాడు. అతని ఇటలీలో వ్యాకరణం ముక్క లేదు. పెద్ద దొరకు మాత్రం ఒక్క మాటా జారిపోలేదు.

తర్వాత భోజనం వచ్చింది. కోదండపాణి ముళ్ళ చెంచా సరిచేసుకుని సిద్ధంగా కూచున్నాడు. ఏడాదిగా కాచుకున్న ఘడియ. ఖలందర్ మూత తీశాడు. లోపల రాగి సంగటి.

"ఇదేందప్పా?" అన్నాడు కోదండపాణి.

"పెద్ద దొరే అడిగినాడు సామీ. మా ఊరి తిండి నాకు దినామూ ఉండేదే, మీ ఊరిది పెట్టు అన్నాడు."

సంగటి, కోడి పులుసు. కోదండపాణి కోసం గుత్తి వంకాయ, చెనిక్కాయలు నూరి చేసిన ఊరిబిండి పచ్చడి. అర్చకుల ఇంట్లో సంగటి వండరు, అతను ఎప్పుడూ తిన్నవాడు కాదు. ముళ్ళ చెంచా గుచ్చి పైకెత్తితే ముద్ద ముద్దంతా లేచొచ్చింది. వదిలించుకోవడానికి విదిలిస్తే గుత్తి వంకాయలో పడి టై మీద చిమ్మింది. అటు పెద్ద దొర చేతులు కడుక్కుని, చొక్కా మోచేతుల దాకా మడిచి, సంగటిని వేళ్ళతో గుంట చేసి పులుసు నింపి మింగుతున్నాడు. నాలుగో ముద్దకు ఆగి, "పొలెంటా" అన్నాడు. ఆయన కళ్ళు చెమర్చాయి. వాళ్ళది కొండ ఊరట. చిన్నప్పుడు అమ్మ మొక్కజొన్న పిండితో ఇలాంటి ముద్దే కెలికి బల్ల మీద పోసేదట. గొట్టాలు పండగకు తప్ప ఎరగరట. ఇదంతా ఖలందర్ తెలుగు చేసి చెప్పాడు. కోదండపాణి పుస్తకంలో పొలెంటా అన్న మాట నూట పన్నెండో పేజీలో ఉంది. గంజి అని అర్థం రాసి ఉంటే, మనకెందుకులే అని వదిలేశాడు.

సాయంత్రం బర్తోలి కోదండపాణిని పిలిచి కుర్చీ చూపించాడు. ఎప్పుడూ కూచోమననివాడు కూచోమనేసరికి సంగతి అర్థమైంది.

"నీ తిండిలో లోపం లేదు" అన్నాడు దొర, ఇంగ్లీషు మాటలు ఏరుకుంటూ. "నీ ఉత్తరాలు... అవే చిక్కు. ఇదివరకు ఇక్కడి ఉత్తరాలు ఎవరికీ అర్థమయ్యేవి కావు. అందుకే అక్కడ ఒక మనిషిని అనుకున్నారు. ఈ రెండేళ్ళూ గని తరఫున నువ్వు రాసినవి చూశాక, అక్కడ మనిషే అక్కరలేదంటున్నారు. నువ్వు ఇక్కడుంటే చాలట."

"ఇంకెవురినీ పంపరా?"

దొర కిటికీ వైపు చూశాడు. "పెద్ద దొర వంటవాణ్ణి అడిగాడు. కంపెనీ అతిథి గృహానికి. రెండేళ్ళు."

ఆ వార్త విని ఖలందర్ సంతోషించలేదు. మూడు రోజులు కోదండపాణికి ఎదురుపడకుండా తిరిగి, నాలుగో రోజు ఆఫీసు మెట్ల మీదికొచ్చి కూచున్నాడు. "నేను పోను సామీ. ఇది నీ పని. నేను పొయ్యి కాడ ఉండేవోణ్ణి, ఆ సలికి నేనేం తట్టుకుంటా? నువ్వే రాయి, వీడు పనికిరాడు అని. నీ మాట నమ్ముతారు."

నిజంగానే నమ్ముతారు. ఒక్క కాగితం కొడితే చాలు. కోదండపాణి ఆ కాగితం గురించి ఒక మధ్యాహ్నమంతా ఆలోచించాడని తర్వాత సుశీలతో ఒప్పుకున్నాడు.

"మైమూన్ ఏమంటాది?" అని అడిగాడు.

"పొమ్మంటాది."

"అయితే పో."

పాస్‌పోర్టు ఫారం మిషనులోకి ఎక్కించి కోదండపాణే కొట్టాడు. పేరు అన్న గడిలో వేళ్ళు వాటంతటవే అలవాటైన అక్షరాలు కొట్టేశాయి. చూస్తే కోదండపాణి అని పడింది. అతని ఉద్యోగంలో అదే మొదటి తప్పు. కాగితం లాగి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, ఇంకోటి ఎక్కించాడు. ఈసారి ఒక్కొక్క అక్షరం చూసి కొట్టాడు: ఖలందర్, వృత్తి వంట.

సూటు కూడా ఇచ్చేశాడు. ఖలందర్ బుజాలు వెడల్పు, లాల్ బాషా ఒక అస్తరు తీసేసి కుట్లు వదులు చేశాడు. ముద్దనూరు స్టేషనులో బొంబాయి రైలెక్కేటప్పుడు ఆ సూటులో ఖలందర్ నిజంగానే దొర మాదిరి ఉన్నాడు. కోదండపాణి పంచె కట్టుకుని కింద నిలబడి, "పొద్దున్నే కనిపించినోళ్ళకు బువోన్ గియోర్నో అను, మర్యాదగా ఉంటాది" అని జాగ్రత్తలు చెప్పాడు. అట్లనే సామీ అన్నాడు ఖలందర్. సరిదిద్దలేదు.

కమలాంబ గండికి పోయి మొక్కు తీర్చుకుంది. సుశీల ఆ ఏడు గండికి పోలేదు.

బర్తోలి కూడా పని ముగించుకుని వెళ్ళిపోతూ, మిగిలిన జున్ను గడ్డ సగం కోదండపాణికి ఇచ్చాడు. దాన్ని బట్టలో చుట్టి ఉట్టి మీద పెట్టి, నెలకొకసారి గోరంత కోరుకుంటూ ఏడాది నడిపారు. నూనె అయిపోయాక చెనిగనూనె పోశారు. అది వేరే రుచి, కాదనకుండా తిన్నారు.

రెండేండ్లకు ఖలందర్ తిరిగొచ్చి జమ్మలమడుగు బస్టాండు పక్కన హోటలు పెట్టాడు. పొద్దున పాయ, మధ్యాహ్నం పులావు. కోదండపాణి మొదటి వారమే పోయి ఎదురుగా కూచున్నాడు.

"ఎట్లుండాది ఇటలీ?"

"సలి సామీ, శానా సలి. మనుషులు మంచోళ్ళు. పూటపూటకూ మొక్కజొన్న సంగటి, మన పులుసు. అదే చేయించినారు రెండేండ్లూ. గొట్టాల మొగమే చూడలే."

"సూటు?"

"పెట్టెలోనే ఉండిపాయ. వంటింట్లో తెల్లకోటు ఇచ్చినారు. పొయ్యి కాడ సలేముండాది?"

కోదండపాణి ఇక్కడ గొట్టాలు వండవా అని అడిగాడు. ఎవరు తింటారు సామీ అని ఖలందర్ నవ్వాడు. నవ్వినా, కోదండపాణి వచ్చే శనివారాలు మాత్రం హోటలు వెనక కిరసనాయిలు స్టవ్ మీద గుప్పెడు వండేవాడు. జనం రాకముందే తినిపోవాలి.

గని మూతపడ్డాక కోదండపాణి ప్రొద్దుటూరులో ఒక నూనెమిల్లుకు గుమాస్తాగా చేరాడు. ఊళ్ళోవాళ్ళు అతన్ని 'ఇటలీ అయ్యవారు' అన్నారు. పోయొచ్చాడనే అందరూ అనుకునేవాళ్ళు. మొదట్లో లేదప్పా అని చెప్పి చూశాడు. వినేవాళ్ళు అది వినయం అనుకున్నారు. తర్వాత చెప్పడం మానేశాడు. పాస్‌పోర్టు ఫారం రాయాలన్నా, ఇంగ్లీషు ఉత్తరం చదవాలన్నా చుట్టుపక్కల ఊళ్ళ నుంచి అతని దగ్గరికే వచ్చేవాళ్ళు. అసలు పోయొచ్చిన ఖలందర్‌ను మాత్రం పులావులో ముక్క తక్కువైందని తప్ప ఎవరూ ఏమీ అడగలేదు.

అరవైల చివర కువైట్ పేరు వినబడటం మొదలైంది. దువ్వూరు నుంచి కమాల్ బాషా అనే తాపీ మేస్త్రి ఒకడు ఫారం రాయించుకోవడానికి వచ్చాడు. కోదండపాణి గడులన్నీ నింపి, వేలిముద్ర వేయించి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఆడ ఏం తింటారో కనుక్కున్నావా?"

"లేదు సామీ. పని దొరికితే సాలదా?"

"సాలదు" అన్నాడు కోదండపాణి గట్టిగా. "కూచో. సుశీలా, ఇంకో పళ్ళెం పెట్టు."

మేస్త్రి ముందుకు గొట్టాలు వచ్చాయి. వాడు అనుమానంగా ఒకటి తీసుకుని, వెలుతురుకు పెట్టి దాని బోలులోంచి చూశాడు. తర్వాత నోట్లో వేసుకున్నాడు.